చిన్న బేలింగ్ ప్రెస్సుకు ఏ కట్టు మేలు: ఇనుప తీగా, నేత పట్టీయా, ప్యాకింగ్ పట్టీయా?

ప్రశ్న: గుంటూరు పొడిచెత్త

అందరికీ నమస్కారం. గుంటూరు శివార్లలో మేము ఆరుగురం కలిసి ఒక చిన్న పొడిచెత్త కేంద్రం నడుపుతున్నాము. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి, రెండు పెద్ద కిరాణా దుకాణాల నుంచి అట్టపెట్టెలు, నీళ్ళ సీసాలు, పాల కవర్లు మాకు వస్తాయి. వేరుచేసిన సరుకును వదులుగా లారీకి ఎక్కిస్తే సగం కిరాయి గాలికే పోతోందని లెక్క తేలడంతో, నిరుడు సరుకును నొక్కి బేళ్ళుగా, అంటే బిగువైన దిమ్మెలుగా, చేసే ఒక చిన్న నిలువు బేలింగ్ ప్రెస్సును వాడినదే కొన్నాము. దాని నొక్కుడు బలం 5 టన్నులని రేకు మీద రాసి ఉంది. బేలు సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 70 ఎత్తు వస్తుంది. అట్టల బేలు 70 కిలోలు, సీసాల బేలు 40 కిలోలు తూగుతుంది. కట్టు దూర్చడానికి యంత్రంలో నాలుగు గాడులు ఉన్నా, ఖర్చు కలిసివస్తుందని ఇప్పటివరకు రెండే వాడుతున్నాము.

మా ఇబ్బంది అంతా కట్టు దగ్గరే వచ్చింది. మొదట స్లాబు పనుల్లో ఇనుము కట్టే 18 గేజి బైండింగ్ వైరు వాడాము. సరుకును నొక్కే పలక పైకి లేవగానే అది పటపటా తెగిపోయేది. తరువాత అట్టపెట్టెల ప్యాకింగుకు వాడే 12 మి.మీ. ప్లాస్టిక్ పట్టీ తెచ్చి ఇనుప క్లిప్పులు వేశాము. సాయంత్రం కట్టినప్పుడు బిగువుగానే ఉంటుంది కానీ, తెల్లవారేసరికి బేలు ఉబ్బి, పట్టీ కింద చెయ్యి దూరేంత వదులు వస్తుంది. పోయిన నెల ఒక మిల్లుకు పంపిన లోడులో, హమాలీలు కొక్కెం వేసి లాగగానే పదకొండు బేళ్ళు విచ్చుకుపోయాయి. వాళ్ళు మొత్తం సరుకును విడి సరుకు కింద లెక్కగట్టి, దింపుడు కూలి అదనంగా పట్టుకుని, పైగా తరుగు తీశారు. తప్పు మాదే కాబట్టి మారు మాట్లాడలేకపోయాము.

ఇప్పుడు ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు. పట్టీలు అమ్మే దుకాణదారు పెట్ (నీళ్ళ సీసాలు చేసే పాలిస్టర్ రకం ప్లాస్టిక్) పట్టీ తీసుకోమంటున్నారు. పత్తి ప్రెస్సింగు మిల్లులో పనిచేసే మా బంధువు ఒకరు పత్తి బేళ్ళకు వేసినట్టు ఉక్కు పట్టీ వేయమంటున్నారు. ఫోనులో మాట్లాడిన మరొక వ్యాపారి పాలిస్టర్ నేత పట్టీ తప్ప మరేదీ పనికిరాదని కొట్టిపారేస్తున్నారు. వీటిలో ఒకటి కిలో లెక్కన, ఒకటి మీటరు లెక్కన, ఒకటి చుట్ట లెక్కన అమ్ముతున్నారు కనుక ధరలు పోల్చుకోవడం కూడా కుదరడం లేదు. మూడు రకాల సరుకుకూ ఒకే కట్టు వాడవచ్చునా, ఎన్ని కట్లు వేయాలి, ఏ లెక్కన ఎంచుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1: పాతకాగితం, రాజమహేంద్రవరం

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక క్రాఫ్టు కాగితపు మిల్లులో పాతకాగితం యార్డు చూస్తున్నాను. మీ బేళ్ళు విప్పే వైపున కూర్చున్నవాణ్ణి కనుక, అమ్మేవారు చెప్పని సంగతులు కొన్ని చెప్పగలను. కట్టు ఎంచుకునేటప్పుడు చూడవలసినవి రెండే. మీ సరుకు లోపలి నుంచి ఎంత గట్టిగా తన్నుతుంది అన్నది మొదటిది. కొనేవాడు ఆ కట్టును ఏం చేస్తాడు అన్నది రెండవది. యంత్రం ఎన్ని టన్నులన్నది ఆ తరువాతి మాట, పట్టీ కిలో ఎంతన్నది అన్నిటికంటే చివరి మాట.

మొదటిదానికి ఒక చిన్న లెక్క చాలు. 5 టన్నుల బలంతో నొక్కినా, పలక లేచాక సరుకు తిరిగి తన్నే బలం అంత ఉండదు. నలిగి మడతపడిన అట్ట చాలావరకు అలాగే పడి ఉంటుంది. మీ అట్టల బేలు 1 టన్ను బలంతో తన్నుతోందని అనుకుందాము. ఒక్కొక్క కట్టు బేలు చుట్టూ తిరుగుతుంది కనుక దానికి ముందొక కాలు, వెనుకొక కాలు ఉంటాయి. రెండు కట్లు వేస్తే నాలుగు కాళ్ళు. ఒక్కొక్క కాలి మీద 250 కిలోలు పడతాయి. నాలుగు కట్లు వేస్తే ఎనిమిది కాళ్ళు. అప్పుడు ఒక్కొక్కదాని మీద 125 కిలోలే పడతాయి. రెండు గాడులు ఖాళీగా వదిలేసి మీరు పొదుపు చేశామనుకున్నది నిజానికి ఉన్న కట్ల మీద రెట్టింపు భారం వేయడమే.

ఇప్పుడు తీగల సంగతి చూడండి. 18 గేజి తీగ మందం 1.22 మి.మీ. కాల్చి మెత్తబరచిన ఇనుప తీగ చదరపు మిల్లీమీటరుకు సుమారు 40 కిలోలు మోస్తుందనుకుంటే, అది 50 కిలోల దగ్గరే తెగుతుంది. స్లాబులో చువ్వలు కదలకుండా పట్టుకోవడానికి అది చాలు, బేలుకు చాలదు. 14 గేజి తీగ మందం 2.03 మి.మీ., అది 130 కిలోల దాకా వస్తుంది. 12 గేజి మందం 2.64 మి.మీ., తెగే బలం 220 కిలోలు. 10 గేజి 3.25 మి.మీ. ఉంటుంది కనుక 330 కిలోలు దాటుతుంది కానీ, దాన్ని చేత్తో మెలివేయడానికి చాలా శ్రమపడాలి. అట్టలకు నాలుగు కట్లుగా 12 గేజి నల్లతీగ మీ యంత్రానికి సరిపోతుందని నా అభిప్రాయం. మెలిపెట్టిన చోట తీగ కొంత బలహీనపడుతుంది, కాబట్టి ఒక చివర ముందే కన్ను (ఉచ్చు) చేసి కోసి అమ్మే తీగలు దొరికితే అవి తీసుకోండి, చెయ్యి కూడా గీరుకుపోదు.

ప్యాకింగు పట్టీ ఎందుకు వదులైందో కూడా చెబుతాను. అది పాలీప్రొపిలీన్. ఆ ప్లాస్టిక్ గుణమే అంత: లాగిపెట్టి ఉంచితే మెల్లమెల్లగా సాగుతూ, తన బిగువును తానే వదిలేస్తుంది. పెట్టె మూత ఊడకుండా ఉంచడం దాని పని. రోజుల తరబడి తన్నే సరుకును ఆపడం దాని పని కాదు. దాని మీద మీరు వేసిన క్లిప్పు దగ్గర కూడా పట్టీ పూర్తి బలం రాదు, కొంత జారుతుంది. పాత ప్లాస్టిక్ కరిగించి తీసిన రెండో రకం పట్టీ అయితే నిలువునా చీలికలు వేస్తుంది. ఎండలో ఉంచితే పెళుసు కూడా అవుతుంది.

పత్తి మిల్లు బంధువు మాట పత్తికి సరైనదే. ఇంచుమించు మీ బేలంత పరిమాణంలోనే అక్కడ 170 కిలోల దూదిని కుదిస్తారు, మీ అట్టలు 70 కిలోలే. ఉక్కు పట్టీ బిగించడానికి వేరే పనిముట్లు, సీళ్ళు కావాలి. దాని అంచు కత్తిలా ఉంటుంది. మీ ప్రెస్సు గాడుల్లో అది వంగి తిరగడం కష్టం. దాన్ని వదిలేయండి.

ఇక మిల్లు వైపు సంగతి. అట్టల బేలుకు ఇనుప తీగ ఉంటే మాకు సుఖం. కొన్ని మిల్లుల్లో తీగ కోసి లాగేసి తుక్కుగా అమ్ముకుంటారు. బేలును తీగతో సహా పల్పరులో, అంటే కాగితాన్ని నీళ్ళలో గుజ్జు చేసే తొట్టిలో, నేరుగా వేసే చోట, లోపల తిరిగే గుజ్జులోకి ఒక తాడు వేలాడదీస్తారు. తీగలు, దారాలు, ప్లాస్టిక్ పేలికలు అన్నీ దానికి చుట్టుకుని లావుపాటి జడలా బయటికి వస్తాయి. ఆ జడకు వెన్నెముకగా నిలిచేది తీగే. పట్టీ ముక్కలు ముక్కలుగా చినిగి గుజ్జులో కలిస్తే జల్లెడల దగ్గర మా ప్రాణం తీస్తుంది. కాబట్టి లోడు పంపే ముందు మీ మిల్లువారికి ఫోను చేసి ఏ కట్టు ఇష్టమో అడగండి. ఆ ఒక్క మాట అడిగేవారు నా అనుభవంలో పదిమందిలో ఒకరు కూడా లేరు.

జవాబు 2: నవారు, లెస్టర్

నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒక పెద్ద దుకాణం వెనుక గోదాములో పనిచేస్తాను. మా దగ్గర ఉన్నది కూడా మీ యంత్రం లాంటి చిన్న నిలువు ప్రెస్సే. ఇక్కడ ఇలాంటి యంత్రాలకు ఎక్కువగా పాలిస్టర్ పట్టీ చుట్టలే వాడతారు. మన ఇళ్ళలో మంచాలకు అల్లే నవారును సన్నగా ఊహించుకోండి, అచ్చం అలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ నా పేరు కూడా అదే పెట్టుకున్నాను.

పై జవాబులో మిల్లు మాట నిజమే. అయితే కట్టేవాడి చేతుల మాట కూడా చెప్పాలి. తీగను బేలు చుట్టూ తిప్పి, వంగి, మెలిపెట్టి, చివరను లోపలికి వంచడం రోజుకు పదిసార్లు చేస్తే చేతి తొడుగులు ఉన్నా మణికట్టు పట్టేస్తుంది. బిగిసి ఉన్న తీగ కోసినప్పుడు చివర ఎటు ఎగురుతుందో తెలియదు. నేత పట్టీ కత్తిరిస్తే అంతగా ఎగిరిపడదు. ముడి వేయడం ఎవరికైనా పది నిమిషాల్లో నేర్పవచ్చు. మనుషులు తరచు మారే చోట ఇది చిన్న విషయం కాదు.

పాలిస్టర్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి నిజంగా మగ్గం మీద నేసినది. అది మెత్తగా ఉంటుంది, తడికి తట్టుకుంటుంది. రెండవది పక్కపక్కన పరచిన దారాలను వేడి జిగురుతో అతికించినది. అది కొంచెం బిరుసుగా ఉండి గాడిలోకి తోస్తే నేరుగా పోతుంది. మీ గాడులు సన్నగా, మలుపులతో ఉంటే రెండవది సులువు. వెడల్పులు 9, 13, 16, 19 మి.మీ. ఇలా దొరుకుతాయి. 5 టన్నుల ప్రెస్సుకు 13 మి.మీ. నప్పుతుంది. కొనేటప్పుడు వెడల్పు చూసి మోసపోవద్దు. ఒకే వెడల్పులో పలచనిది, దట్టమైనది రెండూ వస్తాయి, చుట్ట మీద రాసిన తెగే బలం చూడాలి. మా దగ్గర వాడే 13 మి.మీ. పట్టీ మీద 400 కిలోలు అని ఉంది. ముడి పడిన చోట ఏ పట్టీ అయినా దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది కాబట్టి దాన్ని 200 కిలోలుగానే లెక్కించండి. అప్పుడు నాలుగు కట్లకు ఎనిమిది కాళ్ళు, మొత్తం 1600 కిలోలు. పై లెక్కలోని 1 టన్నుకు ఇది చాలును.

ముడి ఇలా వేస్తాము. పట్టీ ఒక చివర చిన్న కన్ను ముడి వేసి ఉంచుతాము. రెండవ చివరను ఆ కన్నులోంచి దూర్చి, వెనక్కి మడిచి, శరీర బరువంతా వేసి లాగుతాము. కన్ను అక్కడ కప్పీలా పనిచేస్తుంది. లాగిన బిగువు వదలకుండా వేలితో నొక్కిపట్టి, పక్కనే రెండు సగం ముడులు వేస్తాము. ముడి తరువాత కనీసం జానెడు తోక వదలాలి. బేలు తన్నగానే ముడి బిగుసుకుంటూ కొంత తోకను మింగుతుంది, తోక పొట్టిగా ఉంటే విడిపోతుంది. ఇదంతా పలక కిందికి నొక్కి ఉన్నప్పుడే జరగాలి. పలక ఎత్తి తరువాత కడదామనుకుంటే ఎంత మంచి పట్టీ అయినా వృథా.

ముడికి బదులు తీగతో చేసిన బకిళ్ళు కూడా వస్తాయి. నేత పట్టీకి నల్లగా, గరుకుగా ఉండే ఫాస్ఫేటు పూత బకిళ్ళే తీసుకోండి. మెరిసే జింకు పూతవి నున్నగా ఉండడం వల్ల నేత పట్టీ వాటిలో జారిపోతుంది. బకిలుతో ముడి కన్నా ఎక్కువ బలం నిలుస్తుంది కానీ, బేలుకు నాలుగు చొప్పున ఖర్చు పెరుగుతుంది, పైగా బిగించే పరికరం కావాలి. చిన్న బేళ్ళకు నేనైతే ముడితోనే సరిపెడతాను.

దుకాణదారు చెప్పిన పెట్ పట్టీ అంటే గట్టిగా, మెరుస్తూ ఉండే ఆకుపచ్చ పట్టీ అయి ఉంటుంది. బిగువు నిలుపుకోవడంలో అది పాలీప్రొపిలీన్ కన్నా ఎంతో మేలు. కానీ దానికి ముడి పడదు. బిగించి సీలు వేసే పనిముట్టు తప్పనిసరి, ప్రెస్సు తలుపు ముందున్న ఇరుకులో ఆ పనిముట్టు తిప్పడానికి చోటు ఉండదు. పల్లెట్ల మీద సరుకు కట్టేవారికి అది హాయి, మనకు కాదు.

ఒక ముఖ్యమైన మాట. ఐరోపాలో నిలువు ప్రెస్సుల భద్రతకు ఈఎన్ 16500 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. తలుపు మూయనిదే పలక కదలకుండా ఉండే ఏర్పాటు ఇక్కడి యంత్రాలకు ఉంటుంది. మీది వాడిన యంత్రం అన్నారు కనుక, ఆ తలుపు స్విచ్చు పనిచేస్తోందో లేక ఎవరైనా తీగ చుట్టి దాన్ని మోసగించారో మొదట చూడండి. కట్టు దూర్చడానికి చెయ్యి లోపల పెట్టే పని ఇది.

జవాబు 3: సీసాల తునకలు, హైదరాబాదు

మాది పెట్ సీసాలు కడిగి తునకలు చేసే చిన్న యూనిట్. అట్టల గురించి పైవారు చెప్పినదానికి నేను చేర్చేది ఏమీ లేదు. సీసాల దగ్గర మాత్రం ఒక అపోహ బాగా తిరుగుతోంది: సీసా కూడా పాలిస్టరే, పట్టీ కూడా పాలిస్టరే, కాబట్టి రెండూ కలిసినా నష్టం లేదని. నష్టం ఉంది.

మా దగ్గర తునకలను నీళ్ళ తొట్టిలో వేస్తాము. పెట్ సాంద్రత 1.38 కనుక అది మునుగుతుంది. మూతల ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్ పట్టీ నీటికన్నా తేలిక కనుక పైకి తేలతాయి, వాటిని తీసేస్తాము. ఇనుప తీగ ముక్క ఉంటే అయస్కాంతం పట్టుకుంటుంది. రంగు పాలిస్టర్ పట్టీ ముక్క మాత్రం సీసా తునకలతో పాటు అడుగున చేరుతుంది. దాన్ని ఏ తొట్టీ, ఏ అయస్కాంతం వేరుచేయలేదు. తెల్లటి తునకల మధ్య నాలుగు ఆకుపచ్చ దారాలు కనిపించినా కొనేవాడు ధర తగ్గిస్తాడు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగుల్లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలని నియమాలు చెప్పడంతో, తునకల శుభ్రత మీద పట్టింపు మరింత పెరిగింది. అలాగని సీసాలకు నేత పట్టీ వద్దని నేను చెప్పడం లేదు. రంగు లేని తెల్ల పట్టీ వాడండి, ఒక్కొక్క బేలుకు ఎన్ని కట్లు వేశారో అన్నీ ఒకే సంఖ్యలో ఉంచండి. నాలుగు అని తెలిస్తే, మా మనిషి బేలు విప్పినప్పుడు నాలుగూ లాగి పక్కన పడేశాడో లేదో లెక్కపెట్టుకుంటాడు. ఒక బేలుకు రెండు, ఒక బేలుకు ఐదు ఉంటే ఒకటి తప్పకుండా లోపల మిగిలిపోతుంది.

అసలు సీసాల బేలు ఉబ్బడానికి కట్టు కన్నా పెద్ద కారణం మూతలు. మూత బిగించి ఉన్న సీసా లోపలి గాలిని వదలదు. మీరు ఎంత నొక్కినా అది బంతిలా తిరిగి లేస్తుంది. మూత వదులు చేసి వేయండి, లేదా ప్రెస్సులో వేసే ముందు సీసాకు బెజ్జం పడే ఏర్పాటు చేసుకోండి. మేము కొనే బేళ్ళలో ఈ పని చేసిన సీసాలకూ చేయని సీసాలకూ ఒకే పరిమాణంలో బరువు తేడా స్పష్టంగా తెలుస్తుంది. కట్టు మీద పెట్టే డబ్బుకన్నా ముందు ఈ పని మీద ఒక మనిషిని పెట్టండి.

పాల కవర్ల విషయంలో రాజమహేంద్రవరం వారి తీగ సలహా పాటించకండి. పలచని కవర్ల బేలు మెత్తని పరుపు లాంటిది. తీగ సన్నగా ఉండడం వల్ల అందులోకి కోసుకుని దిగిపోతుంది, దిగినంత మేర వదులవుతుంది. విప్పేటప్పుడు అది ఎక్కడుందో వెతుక్కోవాలి. వెడల్పైన నేత పట్టీ అయితే బరువును పరచి పట్టుకుంటుంది. కవర్లకు నాలుగు గాడులూ నింపండి. డబ్బాలు, రేకులు ఎప్పుడైనా కట్టవలసి వస్తే దీనికి సరిగ్గా తలకిందులు: రేకు అంచు పాలిస్టర్ దారాన్ని కత్తిరిస్తుంది, అక్కడ తీగే వేయాలి.

జవాబు 4: పాతకాగితం, రాజమహేంద్రవరం

హైదరాబాదు మిత్రులు కవర్ల గురించి చెప్పినది ఒప్పుకుంటున్నాను. నేను అట్టలను దృష్టిలో పెట్టుకునే తీగ అన్నాను, ఆ మాట విడిగా రాయకపోవడం నా పొరపాటు.

గుంటూరు వారిని ఒకటి అడగడం మరచిపోయాను. మీ ప్రెస్సు గది లోపలి గోడలకు, పై భాగంలో, కిందికి వాలిన పళ్ళు లేదా కొక్కేలు ఉండాలి. పలక పైకి లేచినప్పుడు సరుకు దానితో పాటు లేవకుండా పట్టుకునేవి అవే. వాడిన యంత్రాల్లో అవి అరిగి గానీ, విరిగి గానీ ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. అవి లేకపోతే ఒక్కొక్కసారి నింపిన పొర తిరిగి లేస్తూ ఉంటుంది. బేలు పూర్తయ్యేసరికి పైన బిగువుగా, నడుమ గుల్లగా తయారవుతుంది. అలాంటి బేలుకు బంగారు తీగ వేసినా లారీ కుదుపులకు లోపల సరుకు సర్దుకుని కట్టు వదులవుతుంది. తొందరపడి చుట్టలు కొనే ముందు టార్చిలైటు వేసి ఒకసారి చూడండి.

ధరల పోలికకు ఒక దారి చెబుతాను. కిలో, మీటరు, చుట్ట అన్నిటినీ బేలుకు ఎంత అన్న లెక్కలోకి మార్చుకోండి. మీ బేలు చుట్టుకొలత ఎత్తు 70, వెడల్పు 60, రెండింతలు చేస్తే 2.6 మీటర్లు. ముడికి, లాగడానికి కలిపి 3 మీటర్లు అనుకోండి. నాలుగు కట్లకు 12 మీటర్లు. 500 మీటర్ల నేత పట్టీ చుట్ట 41 బేళ్ళకు వస్తుంది. 12 గేజి తీగ మీటరుకు 43 గ్రాములు తూగుతుంది, కాబట్టి బేలుకు అర కిలో పైచిలుకు. ఇప్పుడు మీ ఊరి ధరలు పక్కన వేసుకుంటే ఎవరు ఎంత చెబుతున్నారో తేలిపోతుంది. పదకొండు బేళ్ళు విచ్చుకున్న రోజున మీకు పడిన తరుగు, దింపుడు కూలి కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

తిరుగు జవాబు: గుంటూరు పొడిచెత్త

మీ అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఊరికే ధన్యవాదాలు చెప్పడం కన్నా చేసి చూసి రాయడం మంచిదనిపించింది.

మొదట టార్చిలైటు వేసి చూశాము. గది గోడలకు ఉండవలసిన ఆరు పళ్ళలో మూడు విరిగి ఉన్నాయి; ఒకటి తలకిందులుగా వెల్డింగు చేసి ఉంది. అమ్మినవారిని అనుకుని లాభం లేదు, కొనేటప్పుడు మేము చూసుకోలేదు. ఇక్కడి వెల్డింగు షాపులో నాలుగూ కొత్తవి చేయించాము. తలుపు స్విచ్చు సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది: లెస్టర్ మిత్రులు అనుమానించినట్టే దానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. దాన్ని తీసేసి, స్విచ్చు మార్చాము. ఇప్పుడు తలుపు మూస్తే తప్ప పలక కదలదు.

తరువాత అట్టలతో మూడు బేళ్ళు ఒకే రోజు కట్టి, పలక ఎత్తే ముందు, మరునాడు అదే వేళకు ఎత్తు కొలిచాము. మొదట అన్నీ 70 సెంటీమీటర్లే. పాత పద్ధతిలో ప్యాకింగు పట్టీ రెండు కట్లు వేసిన బేలు మరునాటికి 84 అయింది; పళ్ళు బాగుచేశాక కూడా ఇంత ఉబ్బితే, అంతకు ముందు ఎంత ఉబ్బేదో ఊహించుకోవచ్చు. 12 గేజి తీగ నాలుగు కట్లు వేసినది 73 దగ్గర ఆగింది. 13 మి.మీ. నేత పట్టీ నాలుగు కట్లు వేసినది 74. తీగకూ నేత పట్టీకీ మధ్య ఆ ఒక్క సెంటీమీటరు మా ముడి సరిగ్గా రాకపోవడం వల్లనేనని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మొదటి రెండు కట్లలో తోక దాదాపు పూర్తిగా ముడిలోకి పోయింది.

మిల్లుకు ఫోను చేసి అడిగితే వాళ్ళు వెంటనే తీగ అన్నారు. ఇంతకాలం ఎందుకు అడగలేదని కూడా అన్నారు. కనుక అట్టలకు తీగ, కవర్లకు, సీసాలకు రంగు లేని నేత పట్టీ, అన్నిటికీ నాలుగు కట్లు అని నిర్ణయించుకున్నాము. సీసాల మూతలు తీసే పనికి మాలో ఒకరిని పూర్తిగా కేటాయించాము. తీసిన మూతలు విడిగా గోనెసంచిలో పోస్తుంటే వాటికి వేరే గిరాకీ ఉందని ఇప్పుడే తెలిసింది. సీసాల బేలు అదే కొలతల్లో 40 కిలోల నుంచి 46కు వచ్చింది. కవర్ల బేలు ఇంకా కొంచెం పక్కలకు పొట్ట వేస్తోంది. కింద, పైన మందమైన కవరు పొర పరచి చూస్తున్నాము.

మిగిలిపోయిన ప్యాకింగు పట్టీ ఏం చేయాలా అని ఆలోచిస్తే, వార్తాపత్రికల కట్టలకు అది చక్కగా సరిపోతోంది. ఇదివరకు వాటిని మిర్చి టిక్కీలు (బస్తాలు) కుట్టే పురికొసతో కట్టేవాళ్ళము, వాన పడితే కుళ్ళి తెగేది. ముడి గురించి లెస్టర్ మిత్రులను ఒక్క మాట అడగాలి: కన్ను ముడి వేసిన చివర గాడి లోపలికి వెళ్ళేటప్పుడు మాకు మలుపులో చిక్కుకుంటోంది. మీరు కన్నును ముందే వేసి దూరుస్తారా, దూర్చాక వేస్తారా?

జవాబు 5: నవారు, లెస్టర్

దూర్చాకే వేస్తాము. చుట్టలు యంత్రం వెనుక ఉంటాయి. ఉత్త చివరనే గాడిలోంచి తెచ్చి, బేలు తయారయ్యాక తలుపు వైపున కన్ను వేస్తాము. దూర్చే ముందు చివరను అగ్గిపుల్లతో కొద్దిగా కరిగించి వేళ్ళతో నొక్కితే దారాలు పిగలవు, మలుపులో పట్టుకోదు. అది కూడా అట్టల కుప్పకు దూరంగా, గోదాము బయట చేయండి.